లాస్ట్ వరల్డ్ (1997) నిజంగా అంత చెత్త సీక్వెలా? నాకైతే సగం అద్భుతం, సగం తలనొప్పి

అలిపిరి కుర్రాడు:

పోయిన వారాంతం జురాసిక్ పార్క్ మొదటిదీ రెండోదీ వరసగా చూశా. మొదటిది చిన్నప్పుడు టీవీలో యాడ్ల మధ్య ముక్కలు ముక్కలుగా చూసిందే, ఇప్పుడు తీరిగ్గా చూసినా వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు, దాని గురించి కొత్తగా చెప్పేదీ లేదు. నా గొడవంతా రెండోదాని మీద, 1997లో మళ్ళీ స్పీల్‌బర్గే తీసిన ది లాస్ట్ వరల్డ్. డైనోసార్లు తిరిగే ఇంకో దీవికి మాల్కమ్ వాళ్ళ చిన్న బృందమూ, వాటిని పట్టుకుపోవడానికి ఒక కంపెనీ వేటగాళ్ళూ వెళ్ళే కథ. ఎవర్ని అడిగినా "అది వదిలెయ్ రా, సీక్వెల్ తుస్సు" అంటారు. మా రూమ్‌లో ఇద్దరు సగంలోనే ఫోన్లు చేతిలోకి తీసుకున్నారు. నాకేమో కొన్ని సీన్లు మొదటిదానికంటే గట్టిగా పట్టేశాయి, ఇంకొన్ని చూస్తుంటే ఇది అదే డైరెక్టర్ తీసిందేనా అని డౌటొచ్చింది.

ఆ ట్రైలర్ బండి కొండ అంచు మీంచి వేలాడే సీన్ గుర్తుందా? శాస్త్రవేత్త సారా జారిపోయి వెనక అద్దం మీద పడుతుంది, కింద చూస్తే రాళ్ళూ సముద్రమూ, చెయ్యి ఆనించిన చోటల్లా అద్దం చిటచిటమని పగులుతూ పోతుంది. పైన వాళ్ళ బృందంలోని ఎడ్డీ ఒక్కడే, వానలో బురదలో కారుతో ఆ బండిని ఆపడానికి నానా తంటాలు పడుతుంటాడు, ఇంతలో అటొకటి ఇటొకటి రెండు టీ-రెక్స్ డైనోసార్లూ తిరిగొస్తాయి. పాపం ఆ సినిమాలో బుద్ధిగా పని చేసిందల్లా వాడొక్కడే, వాడినే రెండుగా చీల్చేస్తాయి. నేను ఊపిరి బిగబట్టి చూశా.

అదే సినిమాలో ఇంకాసేపటికి మాల్కమ్ కూతురు కమ్మీ పట్టుకుని గిర్రున తిరిగి రాప్టర్ అనే డైనోసార్‌ని కిటికీలోంచి బయటికి తన్నేస్తుంది. నవ్వాలా ఏడవాలా తెలీలేదు. తరవాత అందరూ హెలికాప్టర్ ఎక్కేశారు, హమ్మయ్య అనుకుంటే అప్పుడు మొదలవుతుంది శాన్‌డీగో, కంపెనీ వాళ్ళు ఓడలో ఆ ఊరికి తెచ్చిన టీ-రెక్స్ తప్పించుకుని వీధుల్లో పడే ముక్క. భోజనం చేసి చెయ్యి కడుక్కున్నాక మళ్ళీ విస్తరి వేసినట్టుంది.

ఆ శాన్‌డీగో ముక్క కథకి అవసరమా అసలు? మూడోది చూడొచ్చా, టైం వేస్టా? స్పాయిలర్లు ఇచ్చినా పర్లేదు.

---

రీలు పిచ్చి:

తమ్ముడూ, శాన్‌డీగో ముక్క లేకపోతే ఆ సినిమాకి ఆ పేరే ఎందుకు? ది లాస్ట్ వరల్డ్ అనే పేరుతో కోనన్ డోయల్ 1912లో నవల రాశాడు, 1925లో దాన్ని మూకీ సినిమా తీశారు. అందులో చివర బ్రాంటోసారస్‌ని లండన్‌కి తెస్తే అది తప్పించుకుని వీధుల్లో పడుతుంది. ఆ బొమ్మల్ని కదిలించిన విల్లిస్ ఓబ్రియన్ అనే ఆయనే 1933లో కింగ్ కాంగ్‌కీ పనిచేశాడు. కింగ్ కాంగ్ కథ తెలిసిందే కదా, దీవిలోంచి పట్టుకొచ్చి ఊళ్ళో టిక్కెట్లు పెట్టి చూపించబోతారు. ఆ కాంగ్ సినిమాలో ఓడ పేరు వెంచర్. ఇందులో టీ-రెక్స్‌ని మోసుకొచ్చే ఓడ పేరు కూడా వెంచరే. అంటే స్పీల్‌బర్గ్ తెలిసే చేశాడు, తన చిన్నప్పటి రాక్షస సినిమాలకి దండం పెట్టుకున్నాడు.

మైఖేల్ క్రైటన్ 1995లో రాసిన నవలలో ఈ ఊరి గోల లేదు. సినిమాకి మొదట అనుకున్న క్లైమాక్స్ కూడా వేరే, దీవిలోనే ఎగిరే జాతివి హెలికాప్టర్ల మీద పడతాయి. తర్వాతి భాగం తాను తియ్యకపోవచ్చు అనిపించి, ఊళ్ళో డైనోసార్ సీన్ మీద మోజుతో స్పీల్‌బర్గ్ దీన్ని ఇందులోకే లాక్కొచ్చాడు. నువ్వు చెప్పిన అతుకు అందుకే కనపడుతుంది, అది నేనూ కాదనను. కానీ ఆ అతుకులో సరదా చూడు. అర్ధరాత్రి ఒక ఇంటి పెరట్లో టీ-రెక్స్ స్విమ్మింగ్ పూల్‌లో నీళ్ళు తాగుతుంటుంది, పిల్లోడు లేచి కిటికీలోంచి చూసి అమ్మానాన్నల్ని లేపుతాడు, వాళ్ళు విసుక్కుంటూ వచ్చేసరికి దాని నోట్లోంచి కుక్కగూడు గొలుసుతో సహా వేలాడుతుంటుంది. జపాన్ వాళ్ళలా కనిపించే మనుషులు పరిగెత్తే షాట్ గాడ్జిల్లా మీద జోకు. జనం మధ్యలో పరిగెత్తి చచ్చే ఒకడు ఎవరనుకున్నావు, స్క్రీన్‌ప్లే రాసిన డేవిడ్ కెప్. రాసినవాడినే తినిపించేశారు, ఇంకేం కావాలి?

---

కోపిష్టి కోటేశు:

అన్నా, ఓడ పేరు సంగతి సరే, ఆ ఓడలో జనాన్ని ఎవరు తిన్నారో ముందు అది చెప్పండి. ఓడ ఆగకుండా వచ్చి రేవుని గుద్దుతుంది. లోపలికెళ్ళి చూస్తే స్టీరింగ్ పట్టుకున్న చెయ్యి మాత్రమే ఉంటుంది, మనిషి లేడు. ఆ గది అంత చిన్నది, టీ-రెక్స్ తల కూడా పట్టదు. పైగా అది అప్పుడు కింద సరుకు గదిలో మూత వేసి ఉంది! మత్తు ఎక్కువైతే విరుగుడు ఇచ్చారు, దాంతో పిచ్చెత్తిపోయింది అని ఒక డైలాగు పెట్టి చేతులు దులుపుకున్నారు. పిచ్చెత్తితే సరే, తిన్నాక మళ్ళీ కిందికి దిగి మూత వేసుకుని పడుకుందా?

నాకు సినిమాలో రాక్షసులతో పేచీ లేదు, మంచోళ్ళతోనే. నిక్ అనేవాడిని చూడండి, హీరో అని మనకి చూపిస్తారు. రాత్రి వెళ్ళి బోనులు తెరిచేస్తాడు, ఆ తొక్కిసలాటలో అవతలి కంపెనీ వేటగాళ్ళ క్యాంపంతా ధ్వంసం. కాలు విరిగిన టీ-రెక్స్ పిల్లని జాలిపడి ట్రైలర్‌లోకి ఎత్తుకొస్తాడు, దాని అమ్మానాన్న వెతుక్కుంటూ వచ్చి ఎడ్డీని చీల్చేస్తాయి. ఆ తర్వాత వేటగాడు రోలండ్ తుపాకీలోంచి తూటాలు తీసి దాచేస్తాడు, టీ-రెక్స్ క్యాంపు మీద పడినప్పుడు ఆ తుపాకీ ఖాళీ. ఎంతమంది పోయారు? ఒక్కడైనా వాడిని నిలదీస్తాడా? లేదు. వాడేమో హాయిగా హెలికాప్టర్లో కూర్చుంటాడు, డైరెక్టర్ వాడి పక్షమే.

సారా ఇంకో ఎత్తు. మాంసాహార జంతువుల మీదే చదువుకున్న మనిషి, టీ-రెక్స్ పిల్ల రక్తం అంటిన జాకెట్ వేసుకుని అడవంతా నడుస్తుంది. రోలండ్ చూసి అడుగుతాడు కూడా, ఇక్కడి చెమ్మకి ఆరడం లేదు అంటుంది. ఆరకపోతే విప్పి పారెయ్యమ్మా! మొదటి సినిమాలో కూడా తప్పులు చేశారు, కానీ అక్కడ తప్పు చేసేవాడికి ఒక ఆశో భయమో ఉండేది, కంప్యూటర్ల నెడ్రీకి డబ్బాశ, లాయర్‌కి ప్రాణభయం. ఇక్కడ కథ నడవాలి కాబట్టి తెలివైనోళ్ళకి తెలివి పోతుంది.

మెచ్చుకోవాలంటే రోలండ్ పాత్ర ఒక్కటే. పీట్ పోస్టిల్‌త్వెయిట్ ఎంత బాగా చేశాడంటే విలన్ గుంపులో ఉన్నా కన్ను ఆయన మీదే ఉంటుంది. మగ టీ-రెక్స్‌ని కొట్టడమే జీతం అనుకుని వచ్చినవాడు, చివరికి అది చిక్కాక కంపెనీ వాడు ఉద్యోగం ఇస్తానంటే చావు పక్కన చాలా కాలం గడిపేశాను, చాలు అన్నట్టు మాట్లాడి వెళ్ళిపోతాడు. సినిమా అక్కడ అయిపోవాల్సింది.

---

పలమనేరు తోటకాడ:

నేను సినిమా జనం కాదు, మామిడీ టమాటా వేసుకునేవాణ్ణి. మా అబ్బాయి పెడితే చూశా. మీరందరూ శాన్‌డీగో శాన్‌డీగో అంటున్నారు గానీ నాకు ఆ సినిమాలో నిజం అనిపించింది ఆ ట్రైలర్ సీనే.

మా తట్టు కౌండిన్య అడవి పక్కన ఏనుగుల బాధ ఏందో పేపర్లో చదివే ఉంటారు. గుంపులో గున్న లేకుంటే డప్పులు కొట్టి, టపాసులు పేల్చి, అరిచి ఎట్నో మళ్ళించచ్చు. గున్న ఉందంటే ఫారెస్టోళ్ళు కూడా ముందే చెప్తారు, దగ్గరికి పోబాకండి, గున్నకీ తల్లికీ మధ్యలో పడబాకండి అని. సోలార్ కంచె వేసినా కందకం తవ్వినా పిల్ల అవతల ఉండిపోతే తల్లి ఆగదు, గంటల తరబడి అక్కడే తిరుగుతుంది. పంట మీదికి వచ్చే ఏనుగు వేరే, పిల్ల కోసం వచ్చే ఏనుగు వేరే, ఆ నడకలోనే తెలుస్తుంది.

ఆ సినిమాలో అది బాగా పట్టుకున్నారు. ఆ రెండూ ట్రైలర్ దగ్గరికి వచ్చినప్పుడు ఆకలితో రాలేదు. పిల్లని అప్పజెప్పినాక అడవిలోకి పోయి దాన్ని దింపి, మళ్ళీ వచ్చి ఆ బండిని అంచుకి తోసినాయి. ఇంకోసారి మా జోలికి రాబాకండి అన్నట్టు. మొదటి సినిమాలో అది ఆకలేసిన మృగం, ఇందులో అది ఒక ఇంటి పెద్ద. నాకు రాక్షసి అనిపించలే. ఊళ్ళోకి తెచ్చినాక కూడా అది చేసింది పిల్లని వెతుక్కోవడమే, పిల్లని చూపించగానే వెనకాలే ఓడలోకి పోయింది కదా. మరి ఆ ముక్క కథకి సంబంధం లేదంటే ఎట్లా?

ఆ కంపెనీ మనిషి లడ్లో చావు కూడా నాకు నచ్చింది. తండ్రి కాలు విరగ్గొట్టి వదిలేస్తుంది, పిల్ల వచ్చి వేట నేర్చుకుంటుంది. మా అబ్బాయి ముఖం తిప్పుకున్నాడు.

---

అలిపిరి కుర్రాడు:

పలమనేరు పెద్దాయనా, మీ పోస్టు చదివాక ఆ ట్రైలర్ సీన్ మళ్ళీ పెట్టుకుని చూశా. నిజమే, బండిని తోసే ముందు పిల్లని తీసుకెళ్ళి వస్తాయి, మొదటిసారి అది పట్టించుకోలేదు.

నన్ను భయపెట్టింది ఇంకోటి ఉంది, పొడుగు గడ్డి సీన్. గుంపంతా ప్రాణభయంతో గడ్డిలోకి పరిగెత్తుతుంది, కెమెరా పైనుంచి చూపిస్తుంది, గడ్డి మధ్యలో గీతలు గీతలుగా కదులుతూ వచ్చి మనుషుల్ని కలుస్తాయి, ఒక్కొక్కరే కిందికి మాయం. రాప్టర్ని సరిగ్గా చూపించరు కూడా. గడ్డిలోకి వెళ్ళొద్దని అరిచేవాడు రోలండ్ స్నేహితుడు అజయ్, మనోడే అన్నమాట, ఎవడూ వినడు, వాళ్ళని కాపాడాలని వాడూ లోపలికెళ్ళి పోతాడు. 2023లో మా నడకదారిలో చిరుత ఒక చిన్న పాపని పొట్టన పెట్టుకున్నాక టీటీడీ వాళ్ళు భక్తులకి కర్రలిచ్చి, గుంపులుగానే వెళ్ళమన్నారు కదా, అప్పట్నుంచి సాయంత్రం మెట్ల పక్క పొదలు కదిలితే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. జంతువు కనిపించకుండా గడ్డి మాత్రమే కదలడం ఎంత భయమో ఆ సీన్ తీసినవాడికి బాగా తెలుసు.

కోటేశు అన్నా, ఓడ విషయంలో మీకు నా దగ్గర జవాబు లేదు.

---

యూనివర్సిటీ జువాలజీ:

టీ-రెక్స్ పిల్లల్ని సాకడం అనే ఊహ సినిమా వాళ్ళ సెంటిమెంట్ కాదు. ఈ సినిమాలకి సలహాదారుగా ఉన్న జాక్ హార్నర్ 1970లలో అమెరికాలోని మోంటానాలో గూళ్ళూ గుడ్లూ పిల్లల ఎముకలూ కలిసి దొరికిన డైనోసార్ల మీద పనిచేశాడు, ఆ జాతికి 1979లో మయాసారా అని పేరు పెట్టారు, మంచి తల్లి అని అర్థం వచ్చేలా. డైనోసార్ అంటే గుడ్డు పెట్టి వెళ్ళిపోయే మొద్దు బల్లి అనే పాత ఊహ అక్కడ చాలావరకు పోయింది. అది ఆకులు తినే జాతి, టీ-రెక్స్ కూడా అలాగే సాకిందని చెప్పే గూడు ఇంతవరకూ దొరకలేదు కానీ పక్షులూ మొసళ్ళూ రెండూ పిల్లల్ని కాచుకుంటాయి, డైనోసార్లు ఆ రెండిటి చుట్టాలే, కాబట్టి ఊహ గాల్లోంచి వచ్చింది కాదు. సీక్వెల్‌లో నాకు బాగా నచ్చింది ఇదే, మొదటి భాగంలో డైనోసార్లని ల్యాబ్‌లో తయారైన వస్తువుల్లా చూస్తే ఇందులో అవి వాటి బతుకు బతుకుతుంటాయి.

ఒక కొంటె సంగతి. జలపాతం వెనక దాక్కున్నప్పుడు చొక్కాలోకి పాము దూరిందని కంగారుపడి బయటికొచ్చి టీ-రెక్స్ నోట్లో పడే గడ్డం శాస్త్రవేత్త ఉన్నాడు చూశారా, వాడి గడ్డం, టోపీ, వేషం అంతా రాబర్ట్ బాకర్ అనే నిజమైన శాస్త్రవేత్తని తలపించేలా చేశారు. టీ-రెక్స్ వేటాడేదా, చచ్చినవాటినే తినేదా అని హార్నర్‌కీ ఆయనకీ పెద్ద వాదన. వేటాడేదే అనేది బాకర్ మాట, ఆయన పోలిక ఉన్నవాడినే అది వేటాడి తినేస్తుంది.

కోటేశు గారూ, జాకెట్ విషయం మాత్రం మీరన్నదే. ఫీల్డ్‌కి వెళ్ళే మా పిల్లలు అలా చేస్తే ఆ రోజే బస్సెక్కించి ఇంటికి పంపేస్తా.

---

సౌండు బాక్సు:

అందరూ కథే మాట్లాడుతున్నారు, తీసిన తీరు గురించి ఒక మాట. మొదటిదానికి కెమెరా డీన్ కండీ, రెండోదానికి యానుష్ కమిన్‌స్కీ, షిండ్లర్స్ లిస్ట్‌కి పనిచేసినాయన. అందుకే రంగే మారిపోయింది. మొదటిది వెలుగూ పచ్చదనమూ, పిక్నిక్‌కి వెళ్ళినట్టుండి మెల్లగా చీకటి పడుతుంది. ఇది మొదట్నుంచీ మబ్బూ పొగమంచూ నీలిరంగు చీకటి, వెనకనుంచి గుచ్చే లైట్లు. ఫోన్లో చూస్తే సగం కనపడదు తమ్ముడూ, మీ రూమ్మేట్లు ఫోన్లు తీసింది అందుకే అయ్యుండచ్చు. లైట్లార్పి పెద్ద తెర మీద చూడాల్సిన సినిమా. జాన్ విలియమ్స్ కూడా పాత ట్యూన్‌ని పక్కన పెట్టి డప్పులతో నడిపించాడు, అందులో ఒక వేట వాసన ఉంటుంది, అది మంచి నిర్ణయం. నష్టం ఏంటంటే అబ్బా అని నోరెళ్ళబెట్టే క్షణం ఈ సినిమాలో ఒక్కటీ లేదు. మొదటిసారి ఆ పెద్ద మెడ జంతువుని చూసినప్పుడు గుండెలో ఏదో అయ్యింది కదా, అది లేదు. అందరూ డైనోసార్లు చూసేశారులే అన్న ధీమాతో తీశారు.

బొమ్మల పని మాత్రం మొదటిదానికంటే ఒక మెట్టు పైనే. స్టాన్ విన్‌స్టన్ టీం ఈసారి నిలువెత్తు టీ-రెక్స్‌లు రెండు చేసింది, ఒక్కోటీ సుమారు తొమ్మిది టన్నులు. వాటిని ఇంకో సెట్‌కి మోసుకెళ్ళడం కుదరక, అవి ఉన్నచోటే చుట్టూ సెట్లు కట్టారు. ట్రైలర్‌ని తలతో గుద్దే షాట్లలో ఆ బరువు తెలుస్తుంది, రేకు నిజంగా వంగుతుంది. పిల్ల టీ-రెక్స్ కూడా బొమ్మే, అది నొప్పితో అరిచే తీరుకి జాలేస్తుంది.

మొదట్లోనే ఒక చిన్న ఎడిటింగ్ విద్య ఉంటుంది, చాలామంది వదిలేస్తారు. దీవిలో చిన్న డైనోసార్లు చుట్టుముట్టిన పాపని చూసి తల్లి నోరు తెరిచి కేక వేస్తుంది, కట్ చేస్తే మాల్కమ్ ఆవులిస్తున్నాడు, వెనక కొబ్బరిచెట్ల బొమ్మ, చూస్తే అది రైల్వే ప్లాట్‌ఫాం మీద పోస్టర్. కేక ఆవులింతలో కలిసిపోతుంది. ఈ ఒక్క కట్ తీసినవాడికి ఆ జిమ్నాస్టిక్స్ ఎలా నచ్చిందో దేవుడికే తెలియాలి.

డబ్బు లెక్కలకైతే ఇది ఫ్లాప్ కాదు. ఏడు కోట్ల ముప్పై లక్షల డాలర్లు పెడితే ప్రపంచమంతా కలిపి 61 కోట్లు దాటింది. మొదటిది విడుదలైనప్పుడు 91 కోట్లు చేసింది కాబట్టి దాని పక్కన చిన్నగా కనపడుతుంది, అంతే.

---

కోపిష్టి కోటేశు:

సౌండు బాక్సు అన్నా, డబ్బులొస్తే మంచి సినిమా అయిపోతుందా. పలమనేరు ఆయన చెప్పింది మాత్రం ఒప్పుకోవాలి, తల్లీతండ్రీ కోణంలో చూస్తే శాన్‌డీగోకి ఒక దారం దొరుకుతుంది. కానీ ఆ దారం పట్టుకుని తీసుంటే ఊళ్ళో సీన్‌లో సగం జోకులు పోవాలి. పిల్ల కోసం తిరిగే జంతువు అని ఏడిపించాలా, బస్సుని గుద్ది వీడియో క్యాసెట్ల షాపులోకి తోసే కామెడీ చెయ్యాలా, రెండూ ఒకేసారి అంటే ఎట్లా? స్పీల్‌బర్గ్‌కే తేలలేదు.

---

రీలు పిచ్చి:

కోటేశూ, రెండూ ఒకేసారి చెయ్యడమే పాత రాక్షస సినిమాల పద్ధతి. కాంగ్ రైలుబండిని విరగ్గొడుతుంటే చప్పట్లు కొట్టినవాళ్ళే చివర్లో కళ్ళు తుడుచుకున్నారు. నీకు పడలేదు, నాకు పడింది, అక్కడితో వదిలేద్దాం.

అలిపిరి తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. మూడోది 2001, స్పీల్‌బర్గ్ కాదు, జో జాన్‌స్టన్ తీశాడు. గంటన్నరలో అయిపోతుంది, మొదటి భాగంలోని డాక్టర్ గ్రాంట్ తిరిగొస్తాడు. పొగమంచులో పెద్ద పంజరం మీది వంతెన, అవతలి వైపు నుంచి ఏదో నడిచొస్తుంటుంది, ఆ ఒక్క సీన్ కోసం చూడొచ్చు. కానీ ఒకటి ముందే చెప్తున్నా, మొదట్లోనే స్పైనోసారస్ అనేది వచ్చి టీ-రెక్స్ మెడ విరిచేస్తుంది. ఇప్పుడు నువ్వు ఆ కుటుంబం మీద ఇంత ప్రేమ పెంచుకున్నావు కాబట్టి ఒక నెల గ్యాప్ ఇచ్చి చూడు. పలమనేరు ఆయనకి మాత్రం చూపించొద్దు.

---

పలమనేరు తోటకాడ:

చూసేశా నాయనా. మా అబ్బాయి నిన్ననే పెట్టినాడు. మెడ విరిచినాక టీవీ ఆపేసి తోటకి నీళ్ళు కట్టను పోయినా.